యంగ్ కౌంటీ మార్కర్లు ఏ వరసలో చూడాలి, ‘ఇండియన్’ అని రాసిన చోట పిల్లలకు ఏం చెప్పాలి

మీరు అడిగినవి మూడు. లాంగ్ వీకెండ్‌లో ఫ్రిస్కో నుంచి పిల్లలతో టెక్సాస్‌లోనే పడమరనున్న యంగ్ కౌంటీకి, అక్కడి గ్రేహమ్ ఊరి వైపు వెళ్లి, తెల్లవాళ్ల ఊళ్లు పడమరకు పాకుతున్న పాత సరిహద్దు కాలపు మార్కర్లు (చరిత్ర చెప్పే రాళ్లు, ఫలకాలు) చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? వాటి మీద రాసింది ఎంతవరకు నమ్మొచ్చు? ‘ఇండియన్ రెయిడ్’ అన్న ఫలకం చదివి మీ తొమ్మిదేళ్ల బాబు “నాన్నా, ఇది చేసింది మనవాళ్లేనా?” అంటే ఏం చెప్పాలి? పనిలో పనిగా, కొత్త మార్కర్‌కి మనలాంటివాళ్లు అప్లై చేయొచ్చా అని కూడా రాశారు. నేను డాలస్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అందులో చాలా శనివారాలు ఆ పడమటి కౌంటీల రోడ్ల మీదే గడిచాయి. ఇంట్లో దానికి తిట్లూ తిన్నాను. కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

ముందు బాబు ప్రశ్న. అందరూ నవ్వేసి వదిలేస్తారు గానీ, ఆ కౌంటీ చరిత్రకు అంతకన్నా మంచి తాళంచెవి నాకు దొరకలేదు. “మనం కాదు నాన్నా, వాళ్లు వేరే ఇండియన్లు” అని ఆపేయకండి. ఆ మాట ఎక్కడ కనిపించినా “ఏ ఇండియన్లు?” అని ఎదురు అడగడం నేర్పండి. యంగ్ కౌంటీ కథలో ఆ ఒక్క పేరు కింద కనీసం రెండు రకాల జనం ఉన్నారు. బ్రాజస్ నది పక్కన ఇళ్లు కట్టుకుని మొక్కజొన్న పండించుకున్న కాడో, అనడార్కో, వాకో, టోంకవా వాళ్లు ఒకరు. ఉత్తరం, పడమర మైదానాల నుంచి గుర్రాల మీద దూసుకొచ్చే కొమాంచీలు, కయోవాలు ఇంకొకరు. వీళ్లకీ వాళ్లకీ పడేది కాదు. కొత్తగా వచ్చిన తెల్లవాళ్లలో చాలామందికి ఈ తేడా పట్టలేదు, పట్టనందుకు ప్రాణాలు పోయాయి.

1854లో టెక్సాస్ రాష్ట్రం ఇచ్చిన భూమిలో, ఫోర్ట్ బెల్‌నాప్ అనే సైనిక శిబిరానికి దగ్గర్లో బ్రాజస్ రిజర్వేషన్ ఏర్పడింది. (రిజర్వేషన్ అంటే మన కోటా కాదు, ఒక జనానికి కేటాయించిన నేల. మా అబ్బాయికి ఇదీ విడిగా చెప్పాల్సి వచ్చింది.) అక్కడి మగవాళ్లు వంద మందికి పైగా 1858 మే నెలలో టెక్సాస్ రేంజర్లు అనే రాష్ట్ర సాయుధ దళం కెప్టెన్ జాన్ ఫోర్డ్‌తో కలిసి రెడ్ రివర్ దాటి వెళ్లి కొమాంచీల మీద యుద్ధం చేశారు. టెక్సాస్ తరఫున, టెక్సాస్ వాళ్ల పక్కన నిలబడి పోరాడారు. అదే ఏడాది డిసెంబర్ 27న చాక్టా టామ్ అనే అతని వెంట వేటకొచ్చి గుడారాల్లో నిద్రపోతున్న రిజర్వేషన్ జనం మీద పీటర్ గార్లండ్ అనేవాడు తన మనుషులతో వచ్చి కాల్పులు జరిపాడు. ఆడవాళ్లతో సహా ఏడుగురు చచ్చిపోయారు. ఎవరికీ శిక్ష పడలేదు. గుర్రాల దొంగతనాలు ఎవరు చేసినా నింద మాత్రం చేతికి అందేంత దూరంలో ఉన్న రిజర్వేషన్ వాళ్ల మీద పడేది. 1859 మే నెలలో జాన్ బేలర్ అనే మాజీ ఏజెంటు (తెగల వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి) రెండు మూడు వందల మందిని కూడగట్టుకుని ఏకంగా రిజర్వేషన్ మీదికే వచ్చాడు.

ఇక అక్కడ బతకనివ్వరని ప్రభుత్వ ఏజెంటు రాబర్ట్ నేబర్స్‌కి అర్థమైంది. ఆగస్టులో ఆ జనాన్ని వెయ్యి మందికి పైగా, సైన్యాన్ని కాపలా పెట్టుకుని, రెడ్ రివర్ దాటించి ఇప్పటి ఓక్లహోమాలోకి తీసుకెళ్లాడు. నది దాటిన రోజు భార్యకు ఉత్తరం రాస్తూ టెక్సాస్‌ని బైబిల్లో ఇశ్రాయేలీయుల శత్రువులైన ఫిలిష్తీయుల దేశంతో పోల్చాడు. పని ముగించుకుని బెల్‌నాప్ ఊరికి తిరిగొచ్చాక, సెప్టెంబర్ 14న, వీధిలో ఒకడు వెనక నుంచి షాట్‌గన్‌తో కాల్చి చంపాడు. వాడి పేరు ఎడ్వర్డ్ కార్నెట్. నేబర్స్‌కి వాడెవడో కూడా తెలియదు.

మీ ట్రిప్ ఇక్కడే మొదలవ్వాలని నా పట్టుదల. మీకు రోడ్డు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ప్రాస్పర్ దగ్గర రోజూ మీరు తిట్టుకుంటూ ఆగే హైవే 380 మీదే పడమరకు పోతూ ఉండండి. డెంటన్, డికేటర్, బ్రిడ్జ్‌పోర్ట్, జాక్స్‌బరో, గ్రేహమ్, న్యూకాసిల్ అన్నీ అదే రోడ్డు మీద వస్తాయి. జాక్స్‌బరో ముందొస్తుంది, ఆగాలనిపిస్తుంది, ఆగకండి. దాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచండి, ఎందుకో కింద చెబుతాను. నేరుగా న్యూకాసిల్ దాకా వెళ్లి, అక్కడ దక్షిణానికి తిరిగితే మూడు మైళ్లలో ఫోర్ట్ బెల్‌నాప్.

కోట అనగానే గోల్కొండను ఊహించుకోకండి. గోడా ఉండదు, బురుజూ ఉండదు. చెట్ల మధ్య కొన్ని రాతి ఇళ్లు, అంతే. 1851లో పెట్టారు, 1859లో ఖాళీ చేశారు, 1867లో కొన్నాళ్లు మళ్లీ వాడుకున్నారు. మందుగుండు దాచిన చిన్న రాతిగది అసలుది. మీరు చూసే మిగతా భవనాల్లో ఎక్కువ భాగం 1936 ప్రాంతంలో పాత పునాదుల మీద మళ్లీ కట్టినవి. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే ‘నూట డెబ్భై ఏళ్ల గోడ’ అని ఫొటో తీసుకుంటారు. 1858 నుంచి సెయింట్ లూయిస్, శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య నడిచిన బటర్‌ఫీల్డ్ టపా బండికి ఇదొక మజిలీ. ఆ మొత్తం దూరం పాతిక రోజుల్లో దాటాలని కాంట్రాక్టు. కోట ఆవరణలో పెద్ద ద్రాక్ష పందిరి ఉంది. ఎంత ఎండలోనైనా కింద చల్లగా ఉంటుంది. మేం ఎప్పుడు వెళ్లినా పులిహోర డబ్బా తెరిచేది అక్కడే. మీరు శాకాహారులైతే ఆ దారిలో ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప పెద్దగా ఏమీ దొరకదు, ఇంటి నుంచే కట్టుకెళ్లండి. తిన్నాక దగ్గర్లోనే ఉన్న బెల్‌నాప్ శ్మశానానికి వెళ్లి నేబర్స్ సమాధి చూడండి. కోటకు వచ్చేవాళ్లలో అక్కడిదాకా నడిచేవాళ్లు తక్కువ.

ఇప్పుడు నమ్మకం సంగతి. ప్రతి మార్కర్‌కీ రెండు తేదీలుంటాయి. సంఘటన జరిగింది ఒకటి, ఫలకం పెట్టింది ఇంకొకటి. రెండోది సాధారణంగా అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందు దాన్ని చదవండి. టెక్సాస్ స్వాతంత్ర్యానికి వందేళ్లు నిండిన 1936లో రాష్ట్రమంతటా గ్రానైట్ రాళ్లు పాతారు. కంచు నక్షత్రం, చుట్టూ దండ కనిపిస్తే అవి ఆ బాపతు. అవి రాసిన తరానికి సరిహద్దు అంటే తాతలు పడిన కష్టం, కాబట్టి ఆ రాళ్ల మీద చావులు ఒకవైపువే కనిపిస్తాయి. 1962 నుంచి వచ్చినవి అల్యూమినియం పోత ఫలకాలు. వాటిలో వివరం ఎక్కువ, ఆధారాలూ కొంచెం గట్టివి. రాష్ట్రం మొత్తం మీద ఇలాంటివి 16,000 పైచిలుకే. కొత్తగా పెట్టినవాటిలో ఊరూపేరూ లేని ‘ఇండియన్ల’ బదులు తెగల పేర్లు చూసే అవకాశం ఎక్కువ. పాత మార్కర్ అబద్ధమని నేననను. తేదీలు, పేర్లు చాలావరకు సరిగ్గానే ఉంటాయి. ఎవరి పేరు రాశారు, ఎవరిని గుంపుగా వదిలేశారు అన్నచోట చూడాలి.

దాడులు కల్పన కాదని కూడా పిల్లలకు చెప్పాలి. అమెరికా అంతర్యుద్ధం (సివిల్ వార్) రోజుల్లో ఆ కోటల్లో ఫెడరల్ సైన్యం లేదు. 1864 అక్టోబర్ 13న కొమాంచీలు, కయోవాలు కొన్ని వందల మంది న్యూకాసిల్‌కి పడమరనున్న ఎల్మ్ క్రీక్ లోయ మీద పడ్డారు. ఇళ్లు కాల్చారు, మనుషుల్ని చంపారు, ఆడవాళ్లనూ పిల్లల్నీ ఎత్తుకుపోయారు. మరుసటి ఏడాదికి యంగ్ కౌంటీయే రద్దయింది. 1856లో ఏర్పడిన కౌంటీ, నడిపే జనం లేక 1865లో మూతపడి, మళ్లీ 1874లో గాని తెరుచుకోలేదు.

ఆ దాడిలో భార్యనూ పిల్లల్నీ పోగొట్టుకున్నవాళ్లలో బ్రిట్ జాన్సన్ ఒకడు. నల్లజాతివాడు, అప్పటికి బానిస. ఒక కొడుకు దాడిలోనే చనిపోయాడు. మిగతావాళ్ల కోసం అతను ఉత్తరాన కొమాంచీల ప్రాంతాల దాకా వెళ్లాడు, 1865లో భార్యాపిల్లలు ఇల్లు చేరారు. తర్వాత స్వేచ్ఛ వచ్చాక సొంతంగా సరుకు బళ్లు తోలుకున్నాడు. 1871 జనవరి 24న యంగ్ కౌంటీలోనే అతన్నీ, తోటి బండివాళ్లు ఇద్దర్నీ కయోవాలు చుట్టుముట్టారు. చచ్చిన గుర్రాన్ని అడ్డం పెట్టుకుని చివరిదాకా కాల్చాడు. శవం చుట్టూ 173 తూటా గొట్టాలు దొరికాయని చెబుతారు. ‘సెటిలర్లు’ అన్న మాట కింద కూడా ఒకే రకం జనం లేరనడానికి నాకు మొదట గుర్తొచ్చేది ఇతనే.

ఇక అందరూ వినే కథ, వారెన్ అనే కాంట్రాక్టరు సరుకు బళ్ల వరసది. 1871 మే 18న గ్రేహమ్‌కీ జాక్స్‌బరోకీ మధ్య సాల్ట్ క్రీక్ మైదానంలో, కోటలకు మొక్కజొన్న మోసుకెళ్తున్న పది బళ్ల మీద కయోవాలు దాడి చేశారు. పన్నెండు మంది బండివాళ్లలో ఏడుగురు చనిపోయారు. అంతకుముందే అదే దారిలో, చిన్న ఎస్కార్టుతో, అమెరికా సైన్యాధిపతి జనరల్ షెర్మన్ వెళ్లిపోయాడు. కయోవాలు ఆయన గుంపును చూస్తూనే వదిలేశారు. మొదట వచ్చేదాన్ని పోనిచ్చి రెండోదాన్ని పట్టమని వాళ్ల సోదెకాడు మామాంటి చెప్పాడట. టెక్సాస్ వాళ్లు గోరంతలు కొండంతలు చేస్తున్నారేమోనన్న అనుమానంతోనే షెర్మన్ ఆ పర్యటనకొచ్చాడు. ప్రాణాలతో బయటపడ్డ బండివాడొకడు గాయాలతో జాక్స్‌బరో పక్కనున్న ఫోర్ట్ రిచర్డ్‌సన్‌కి చేరి జరిగింది చెప్పాక అనుమానం తీరిపోయింది.

తర్వాతి కథ ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్‌లో నడిచింది. రేషన్ కోసం వచ్చిన కయోవా నాయకుడు సటాంటా, దాడి చేయించింది తానేనని ఏజెంటు ముందే గొప్పగా చెప్పుకున్నాడు. షెర్మన్ అతన్నీ, వృద్ధుడు సటాంక్‌నీ, కుర్రవాడు బిగ్ ట్రీనీ పట్టించాడు. సటాంక్ పేరుకు కయోవా భాషలో ‘కూర్చున్న ఎలుగుబంటి’ అని అర్థం. అంతకుముందు ఏడాది టెక్సాస్‌లోనే అతని కొడుకు చనిపోతే, వెళ్లి ఎముకలు ఏరి తెచ్చుకుని, ఎక్కడికెళ్లినా వాటిని గుర్రం మీద వెంట తిప్పుకున్నాడు. జూన్ 8న ముగ్గుర్నీ టెక్సాస్ పంపడానికి బండెక్కిస్తే, సటాంక్ తన మరణగీతం పాడుకుంటూ బేడీల్లోంచి చేతులు లాక్కుని, కాపలావాణ్ణి పొడిచి, సైనికుల కాల్పుల్లో చనిపోయాడు. మిగతా ఇద్దర్నీ జూలైలో జాక్స్‌బరో కోర్టులో మామూలు హత్యకేసు ముద్దాయిల్లా విచారించారు. తెగ నాయకుల్ని సైన్యం కాకుండా ఒక రాష్ట్ర కోర్టు విచారించడం అప్పటికి కొత్త. ఉరిశిక్ష పడింది. గవర్నర్ డేవిస్ దాన్ని యావజ్జీవంగా మార్చాడు, 1873లో పెరోల్ మీద వదిలారు. సటాంటాను 1874లో మళ్లీ హంట్స్‌విల్ జైల్లో వేశారు. 1878 అక్టోబర్ 11న జైలు ఆస్పత్రి కిటికీలోంచి దూకి చనిపోయాడు. అతని అస్థికలు ఫోర్ట్ సిల్ చేరింది 1963లో. బిగ్ ట్రీ మాత్రం క్రైస్తవుడై, బాప్టిస్టు చర్చిలో డీకన్‌గా ఉండి, 1929 దాకా బతికాడు. వాళ్ల మీద కేసు వాదించిన ప్రాసిక్యూటర్ లానమ్ తర్వాత టెక్సాస్ గవర్నర్ అయ్యాడు.

జాక్స్‌బరోను చివరికి పెట్టుకోమన్నది ఇందుకే. ఫోర్ట్ రిచర్డ్‌సన్ ఇప్పుడు స్టేట్ పార్కు, సైనికుల ఆస్పత్రి భవనం ఇంకా ఉంది, చూడ్డానికి బెల్‌నాప్ కన్నా బాగుంటుంది కూడా. కానీ పొద్దున్నే అక్కడ ఆగితే పిల్లల బుర్రలో కథ 1871లో మొదలవుతుంది. 1859లో జరిగింది చూసి, సాల్ట్ క్రీక్ దాటి, సాయంత్రానికి ఆ ఊరి కోర్టు చౌరస్తాకి వస్తే అదే కథ వేరేలా వినిపిస్తుంది. (విచారణ జరిగిన కోర్టు ఇప్పుడు లేదు, ఉన్నది తర్వాత కట్టిన భవనం.) కయోవాల వైపు మాట కావాలంటే వాళ్లకీ సొంత మార్కర్లున్నాయి. అవి రాళ్లు కావు, బొమ్మల క్యాలెండర్లు. ప్రతి చలికాలానికీ ప్రతి వేసవికీ ఒక్కో బొమ్మ గీసి ఏళ్లను గుర్తుపెట్టుకునేవాళ్లు. జేమ్స్ మూనీ అనే పరిశోధకుడు వాటిని వివరాలతో 1898లో అచ్చు వేయించాడు, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 1871 దగ్గర తెరిచి టాబ్లెట్‌లో పిల్లలకు చూపించండి.

మధ్యాహ్నం గ్రేహమ్‌లో ఒక గంట పెట్టుకోండి. ఊరి మధ్య చౌరస్తా చాలా పెద్దది, అమెరికాలోనే పెద్దదని వాళ్లంటారు. 1877 ఫిబ్రవరి 15న ఈ ఊళ్లోనే ఒక ఓక్ చెట్టు కింద నలభై మంది పశువుల ఆసాములు కూర్చుని సంఘం పెట్టుకున్నారు. ఆ టెక్సాస్ పశువుల పెంపకందార్ల సంఘం ఇప్పటికీ నడుస్తోంది. అప్పటికి కొమాంచీ, కయోవా దాడులు దాదాపు ఆగిపోయాయి. వీళ్ల బాధంతా పశువుల దొంగలతోనే. మాది చిత్తూరు జిల్లా. మా వైపు పొలం గట్ల మీద కనిపించే వీరగల్లుల్లో చాలావాటి కథ ఇదే: పశువుల్ని తోలుకుపోతుంటే అడ్డంపడి చనిపోయినవాడి రాయి. తోలుకుపోయినవాడికి రాయి ఉండదు. ఊళ్లో అందరూ పసుపు, కుంకుమ పెడతారు, పేరు మాత్రం ఎవరికీ తెలియదు. సాల్ట్ క్రీక్ దగ్గర నిలబడ్డప్పుడు నాకు అవే గుర్తొచ్చాయి.

పిల్లలు పడుకున్నాక మీరు చదువుకోవాల్సింది మార్లో సోదరుల కథ. 1889 జనవరి 19న గ్రేహమ్ జైలు నుంచి నలుగురు అన్నదమ్ముల్ని ఇద్దరిద్దరికి కలిపి కాళ్లకు సంకెళ్లు వేసి రాత్రిపూట వెదర్‌ఫర్డ్‌కి తరలిస్తుంటే, డ్రై క్రీక్ దగ్గర స్థానికుల గుంపు దాడి చేసింది. ఇద్దరు చనిపోయారు. బతికిన ఇద్దరూ చచ్చిన సోదరుల పాదాలు కోసి సంకెళ్ల నుంచి బయటపడ్డారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫెడరల్ నిర్బంధంలో ఉన్న ఖైదీకి రక్షణ పొందే హక్కు ఉందని 1892లో లోగన్ కేసులో తీర్పొచ్చింది. ఆ గుంపులో ఉన్నది ఊరి పెద్దమనుషులు, చట్టం చూసే మనుషులే. ఈ కథలో ఇండియన్లు లేరు.

దారి జాగ్రత్తలు. మార్కర్ ఉన్నచోటే సంఘటన జరిగిందనుకోవద్దు. చాలావాటిని కారు ఆపుకునే వీలుందని రోడ్డు పక్కన పెట్టారు, అసలు చోటు లోపల ఎక్కడో ఎవరి రాంచ్‌లోనో ఉంటుంది. మొదట్లో ఒకసారి ఫోన్ చూపించిన దారిన పోయి తాళం వేసిన గేటు ముందు తేలాను. అవతల పికప్‌లోంచి ఆసామి దిగేసరికి మా ఆవిడకు బీపీ పెరిగింది. ఆయన మర్యాదగానే మాట్లాడి వెనక్కి పంపాడు, పైగా శ్మశానానికి సరైన దారీ చెప్పాడు. కంచె స్తంభాల మీద గానీ చెట్ల మీద గానీ ఊదారంగు గీత కనిపిస్తే ‘లోపలికి రావద్దు’ అని అర్థం, టెక్సాస్‌లో దానికి బోర్డుతో సమానంగా చట్టం ఉంది. బాణపు ములుకు దొరికినా ఏరుకోనివ్వకండి. వెచ్చటి రోజుల్లో ఎత్తుగడ్డిలో నడవొద్దు, రాటిల్ స్నేక్స్ ఉంటాయి. జాక్స్‌బరో దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మార్కర్ల మీది రాతలన్నీ టెక్సాస్ హిస్టారికల్ కమిషన్ వారి ఆన్‌లైన్ అట్లాస్‌లో కౌంటీవారీగా ఉన్నాయి, బయల్దేరేముందు అవీ చూసుకోండి.

ఆఖరిది, కొత్త మార్కర్‌కి అప్లికేషన్. ఎవరైనా పెట్టుకోవచ్చు, సిటిజన్ అయి ఉండాలనీ లేదు. ముందు ఆ కౌంటీ హిస్టారికల్ కమిషన్‌ని కలవాలి, వాళ్లు ఒప్పుకుని పంపితేనే రాష్ట్రం చూస్తుంది. విషయం సాధారణంగా కనీసం 50 ఏళ్ల పాతదై ఉండాలి. మనిషి గురించైతే ఆయన పోయి 10 ఏళ్లు దాటాలి. స్థలం యజమాని ఒప్పుకోవాలి. ప్రతి వాక్యానికీ ఆధారం చూపిస్తూ ఒక వ్యాసం రాయాలి, ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. అప్లికేషన్ ఫీజు వంద డాలర్లు, ఎంపికైతే పోత ఫలకానికి వేలల్లోనే అవుతుంది. చెప్పకుండా మిగిలిపోయిన కథల కోసం ‘అండర్‌టోల్డ్’ అని విడిగా ఒక కోటా ఉంది. ఎంపికైతే ఫలకం ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు. ఇంకోమాట, విషయ మార్కర్ (ఒక మనిషి, సంఘటన లాంటి విషయాన్ని చెప్పే ఫలకం) పెడితే ఆ స్థలానికి చట్టరక్షణేమీ రాదు. భవనానికి ‘రికార్డెడ్ ల్యాండ్‌మార్క్’ హోదా వస్తే మాత్రం బయటి రూపం మార్చే ముందు కమిషన్‌కి 60 రోజుల నోటీసు ఇవ్వాలి.

1970లలో టెక్సాస్ చేరిన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్ల కథలు ఇప్పుడిప్పుడే ఆ 50 ఏళ్ల గీత దాటుతున్నాయి. మీకు తెలిసిన పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్ల దగ్గరున్న పాత ఫొటోలు, అద్దె కాగితాలు, మొదటి సంక్రాంతి ఆహ్వానపత్రాలు ఈ వీకెండే స్కాన్ చేయించి, వెనక తేదీలూ పేర్లూ రాయించండి. గ్యారేజీలు ఖాళీ చేసేటప్పుడు ముందు పారేసేది వాటినే.